వీణకు సీటేదీ?

ఇంటర్ పాసైన పిల్లగాడు కరీంనగర్ బస్టాండుల బ్రోచర్లు పరుచుకొని కూసున్నడు. ఒకదాని మీద స్టూడియో బొమ్మ, ఇంకోదాని మీద డ్రోన్ బొమ్మ.

"జర్నలిజమా, యానిమేషనా, యాక్టింగా... ఏది మంచిదే కాకా?"

"ఏదైనా ముందుగాల హైదరాబాద్ బస్సెక్కురా!"

కాక మాట ఉత్తది కాదు. ఉస్మానియాలో జర్నలిజం 1954 నుంచే ఉంది. హెచ్‌సీయూలో కళలకూ, కమ్యూనికేషన్‌కూ సరోజినీ నాయుడు పేరిట ఒక స్కూలే ఉంది. మరి పక్కనున్న ఉమ్మడి ఆదిలాబాద్‌లో? బాసరలో వీణ పట్టిన సరస్వతమ్మ కొలువుంది; ఆమె ఊళ్లోనే 2008లో వెలసిన ఆర్జీయూకేటీ నేర్పేది ఇంజనీరింగు. అమ్మ వీణకు ఏ బ్రాంచిలో సీటిస్తారో!

ఇటు చూస్తే, పెద్దగా చదువుకోని లంబాడిపల్లి గంగవ్వ యూట్యూబులో స్టారైంది. మార్లవాయి కనకరాజుకు గుస్సాడీ నృత్యం 2021లో పద్మశ్రీ తెచ్చింది. ఈ రెండూ ఏ కాలేజీ ప్లేస్‌మెంట్ల లెక్కలోనూ రావు.

కళ అబ్బేది సాధనతోనే కనుక, తల్లిదండ్రులారా, బ్రోచర్లో కెమెరా బొమ్మ చూసి మురవకండి. ఆ కెమెరా బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో, వారానికి ఎన్ని గంటలు పిల్లల చేతికిస్తారో అడగండి. ఫీజు సంగతి ఆ తర్వాత!