తిలాపాపం డ్రైవరుకే

రైలు పట్టాలు తప్పిన మర్నాడు ఢిల్లీలో జరగాల్సిన పనులకు ఓ వరుస ఉంది. ముందు దిగ్భ్రాంతి. ఆ తర్వాత ఎక్స్‌గ్రేషియా. ఆపైన ఉన్నతస్థాయి విచారణ. చివరగా, బాధ్యులు ఎంతటివారైనా వదిలేది లేదన్న హెచ్చరిక. ఆ 'ఎంతటివారు' మాత్రం ఎప్పుడు చూసినా సెక్షన్ ఇంజనీరు స్థాయి దాటి పైకి పోదు. బాలాసోర్‌లో 2023 జూన్ 2న మూడు రైళ్లు ఢీకొని 290 మందికి పైగా పోయారు. నెల తిరిగాక సీబీఐ ముగ్గురిని పట్టుకుంది. ఒకరు సీనియర్ సెక్షన్ ఇంజనీరు, మరొకరు సెక్షన్ ఇంజనీరు, ఇంకొకరు టెక్నీషియన్. వాళ్లు దోషులో కాదో తేల్చాల్సింది కోర్టు. కానీ పన్నెండు లక్షల మంది పనిచేసే సంస్థలో తప్పు సరిగ్గా ఆ మూడు కుర్చీల దగ్గరే పుట్టి, అక్కడే ఆగిపోయిందంటే, దాని క్రమశిక్షణను మెచ్చుకోవలసిందే.

పూర్వం తప్పులకు ఇంత క్రమశిక్షణ ఉండేది కాదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు, ఆ తప్పు ఏకంగా రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గదిలోకే వెళ్లి కూర్చుంది. ఆయన రాజీనామా రాసిచ్చారు. నెహ్రూ వద్దన్నారు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో రైలు వరద నీళ్లలో పడింది. శాస్త్రి మళ్లీ రాశారు. ఈసారి నెహ్రూ ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ పార్లమెంటులో ఒక మెలిక పెట్టారు. ప్రమాదానికి శాస్త్రి కారకుడని కాదు, రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణ ఉండాలని ఆమోదిస్తున్నానన్నారు.

ఉదాహరణ భేషుగ్గా ఉంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీ దాన్ని బయటికి తీసి దుమ్ము దులుపుతుంది. అధికారంలోకి రాగానే భద్రంగా అటక మీద పెడుతుంది.

ఈ కథలో మన నాయకులు సరిగా చదవని పేజీ ఒకటుంది. శాస్త్రి మరుసటి ఏడాది ఎన్నికలయ్యాక మళ్లీ కేబినెట్‌లోకి వచ్చారు. 1964లో ప్రధాని అయ్యారు. 1999 ఆగస్టులో గైసాల్ ప్రమాదం తర్వాత రైల్వే శాఖ వదులుకున్న నితీశ్ కుమార్, 2001లో అదే శాఖకు తిరిగొచ్చారు. ఇక మాధవరావు సింధియా సంగతి వింటే ఈ తరం మంత్రులు నోరు వెళ్లబెడతారు. 1993 జనవరిలో, పైలట్ల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ఇండియన్ ఎయిర్‌లైన్స్ అద్దెకు తెచ్చుకున్న ఉజ్బెక్ విమానం ఒకటి హైదరాబాద్ నుంచి వెళ్లి ఢిల్లీ పొగమంచులో దిగబోయి తలకిందులైంది. ఒక్కరి ప్రాణమూ పోలేదు. అయినా పౌర విమానయాన మంత్రి సింధియా రాజీనామా ఇచ్చారు. ప్రధాని పీవీ నరసింహారావు, నిర్ణయాలు నానబెడతారని పేరు పడ్డ ఆయనే, ఆమోదించారు. రెండేళ్లకు సింధియా మానవ వనరుల మంత్రిగా వచ్చి కూర్చున్నారు. రాజీనామా చేస్తే రాజకీయ జీవితం ముగిసిపోతుందన్న బెంగ ఎవరికైనా ఉంటే, చరిత్ర వాళ్లకు అభయమే ఇస్తోంది. అది దాదాపు జీతం లేని సెలవు లాంటిది.

ఆ సెలవు కూడా దండగనుకున్న కాలంలో కొత్త పద్ధతి వచ్చింది. 2017 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లో వారం తిరక్కుండా రెండు రైళ్లు పట్టాలు తప్పాయి. రైల్వే మంత్రి సురేశ్ ప్రభు పూర్తి నైతిక బాధ్యత తనదేనని ట్విటర్‌లో ప్రకటించారు. ప్రధానిని కలిశారు. ఆగమన్నారు. ఆగారు. సెప్టెంబరు మొదట్లోనే వాణిజ్య శాఖ చేతికొచ్చింది. రైల్వే బోర్డు ఛైర్మన్ కూడా రాజీనామా చేశారు గానీ, పాపం, ఆయన్ను ఆగమన్నవాళ్లు లేరు.

మంత్రి తరఫున వాదించేవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. సిగ్నల్ వైరు ఆయన కలిపాడా? న్యాయమైన ప్రశ్నే. కలపలేదు. అలాగే వందేభారత్ బోగీలను బిగించిందీ ఆయన కాదు. 2023 జనవరి 15న సికింద్రాబాద్-విశాఖ వందేభారత్‌కు సాక్షాత్తూ ప్రధానే వీడియోలో జెండా ఊపారు. ఆ రోజు మాత్రం "చక్రం మీరు బిగించారా?" అని అడిగిన వెల్డరు లేడు. పచ్చజెండా ఊపడానికి పై చెయ్యి, ఎర్రజెండా చూడనందుకు కింది చెయ్యి. ఇదీ రైల్వే పని విభజన.

ఈ విభజనలో చచ్చిపోయిన డ్రైవరుకు ప్రత్యేక స్థానం ఉంది. అతను ప్రెస్‌మీట్ పెట్టడు. ఖండన ఇవ్వడు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఆగిన పలాస ప్యాసింజరును వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. వాళ్లలో రాయగడ బండి డ్రైవరు, సహాయ డ్రైవరు ఉన్నారు. మరుసటి మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కారణం చెప్పారు. వాళ్లిద్దరూ క్రికెట్ మ్యాచ్ ధ్యాసలో పడిపోయారట. ఆ రోజు లక్నోలో ఇంగ్లండ్‌తో ప్రపంచకప్ మ్యాచ్ ఉన్న మాట నిజమే. కానీ ఆ సమయంలో వాళ్ల ఫోన్లలో డేటా వాడకమే లేదని ఆ తర్వాత విచారణ నివేదికలో బయటపడింది. పాడైన ఆటోమేటిక్ సిగ్నళ్లను నియమం ప్రకారం ఆగి, నెమ్మదిగా దాటకపోవడం వాళ్ల తప్పేనని కూడా ఆ నివేదిక తేల్చింది. ఆ తప్పు వాళ్లదే. క్రికెట్ మాత్రం ఢిల్లీ కానుక. ఆ కుటుంబాలకు ఎవరైనా వెళ్లి క్షమాపణ చెప్పుంటే బాగుండేది.

2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లో కాంచనజంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి గుద్దినప్పుడూ ఇదే తంతు. ప్రమాదం జరిగిన రోజే, గూడ్సు డ్రైవరు సిగ్నల్ లెక్కచేయలేదని బోర్డు పెద్దలు తేల్చేశారు. డ్రైవరు చనిపోయాడు. తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక వచ్చింది. అసలు విషయం అందులో ఉంది. ఆ ఉదయం సిగ్నళ్లు పాడయ్యాయి. స్టేషన్‌లో డ్రైవర్లకు దాటిపోవడానికి అనుమతి కాగితాలిచ్చారు. ఇచ్చిన కాగితమే సరైనది కాదు. ఎంత వేగంతో పోవాలో దాని మీద లేదు. ఆ సెక్షన్‌లోకి మొత్తం ఏడు బండ్లు వెళ్లాయి. ప్రతి పాడైన సిగ్నల్ దగ్గర ఒక నిమిషం ఆగి, 15 కిలోమీటర్ల వేగం దాటకుండా పోయిన బండి వాటిలో ఒకే ఒక్కటి. అది కాంచనజంగా ఎక్స్‌ప్రెస్. నియమం పాటించిన బండే గుద్దించుకుంది.

ఏడు బండ్లలో ఆరుగురు డ్రైవర్లకు నియమం తెలియలేదంటే ఆరుగురూ ఒకేసారి బుద్ధి తప్పారనుకోవాలా? నేర్పాల్సినవాళ్లు నేర్పలేదనుకోవాలా? ఇది జరగడానికి సిద్ధంగా కూర్చున్న ప్రమాదమేనని కమిషనరే రాశారు. శిక్షణకు డబ్బు ఎంతో, ఖాళీలు ఎప్పుడు నింపాలో, సిగ్నళ్ల నిర్వహణ ఎవరు చూడాలో డ్రైవరు నిర్ణయించడు. పది లక్షల భద్రతా పోస్టుల్లో లక్షన్నరకు పైగా ఖాళీ అని 2024లో సమాచార హక్కు కింద అడిగితే రైల్వేనే చెప్పింది. ఖాళీ కుర్చీని సస్పెండ్ చేయలేరు కాబట్టి నిండిన కుర్చీని చేస్తారు.

బాలాసోర్‌లోనూ ఇంతే. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో, బంక్రానయాబాజ్ స్టేషన్ దగ్గర తప్పుడు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే సరిచేసుంటే బాలాసోర్ జరిగేది కాదని భద్రతా కమిషనర్ నివేదిక చెప్పింది. 2023 ఫిబ్రవరిలో మైసూరు డివిజన్‌లో హొసదుర్గ రోడ్ దగ్గర ఒక బండి తప్పుడు లైనులోకి పోబోయి, డ్రైవరు చూసి ఆపడంతో బతికింది. సిగ్నల్ వ్యవస్థలో లోపముందని, సరిచేయకపోతే పెద్ద ప్రమాదాలు జరుగుతాయని నైరుతి రైల్వే అధికారి ఒకరు లేఖ రాశారు. నాలుగు నెలలు తిరక్కుండా అన్నంతా జరిగింది. టెక్నీషియన్ వైరు తప్పు కలిపితే అది అతని తప్పు. అలా కలుపుతున్నారని తెలిసిన సంస్థ ఊరుకుంటే అది టెక్నీషియన్ తప్పెలా అవుతుంది?

కాబట్టి మంత్రిగారిని రాజీనామా చేయమని ఈ కాలమ్ అడగడం లేదు. చేసినా రెండేళ్లలో ఇంకో శాఖకు వస్తారు. అడిగేది చిన్న పని. పార్లమెంటులో నిలబడి ఒక్కటి చెప్పండి సార్. బంక్రానయాబాజ్ ఫైలు, హొసదుర్గ లేఖ ఏ తేదీన ఎవరి బల్ల మీదకొచ్చాయి, అక్కడ ఎన్ని రోజులున్నాయి? ఆ బల్ల ముందున్న మనిషి పేరు సెక్షన్ ఇంజనీరు పేరంత స్పష్టంగా చదవండి.