వైద్యుడు చుట్టిన బంతి

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న బేస్‌బాల్ బంతి 1840ల చివరి భాగంలో న్యూయార్క్ నగరంలో, ఏ కర్మాగారంలోనూ కాక, డేనియల్ లూషియస్ ఆడమ్స్ అనే వైద్యుని చేతుల్లో రూపుదిద్దుకొన్నది. మూడు నాలుగు ఔన్సుల, అంటే సుమారు నూరు గ్రాముల రబ్బరు ముక్కలను ఒక్కచోట చేర్చి, వాటిపై దారం పొరలు పొరలుగా బిగించి చుట్టి, ఆపైన తోలు తొడగడం ఆనాటి పద్ధతి. ఎంత డబ్బిస్తామన్నా ఈ పనికి ఒప్పుకొనేవారు నగరంలో దొరకకపోగా, చివరకు గుర్రపు జీనులు కుట్టే స్కాట్లండ్ పనివాడొకడు, కొరడాలకు వాడే గుర్రపు తోలును బంతిపై ఎలా తొడగాలో ఆడమ్స్‌కు చూపించాడు. ఆ తరువాత ఆరేడేళ్లపాటు ఆయన తన క్లబ్బుకే కాక కొత్తగా ఏర్పడుతున్న ఇతర క్లబ్బులకు కూడా స్వయంగా బంతులు చేసిపెట్టాడు. ఆడమ్స్ పట్ల ఈ బంతి పక్షపాతం ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఈ వివరం అవసరం.

ఆడమ్స్ 1814లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంట్ వెర్నన్‌లో పుట్టి, యేల్‌లో పట్టా పొంది, 1838లో హార్వర్డ్ నుంచి వైద్యుడై న్యూయార్క్ చేరాడు. 1845 సెప్టెంబరులో ఏర్పడి బేస్‌బాల్‌కు లిఖిత నియమాలు కూర్చిన నికర్‌బాకర్ క్లబ్బులో ఆ ఏడాదే చేరి, పలుమార్లు దానికి అధ్యక్షుడయ్యాడు. హడ్సన్ నదికి అవతల, హోబోకెన్ ఊరి ఎలీషియన్ ఫీల్డ్స్ మైదానం ఆ క్లబ్బుకు ఆటస్థలం.

బేస్‌బాల్‌లో నాలుగు గుర్తులు చతురస్రంగా అమరి ఉంటాయి. బంతిని కొట్టినవాడు వాటన్నిటినీ చుట్టివస్తే ఒక పరుగు. ఆ గుర్తులే బేస్‌లు. రెండవ, మూడవ బేస్‌ల నడుమ నిలిచే ఆటగాణ్ణి నేడు షార్ట్‌స్టాప్ అంటారు. సాధారణంగా జట్టులో బాగా చురుకైనవాడికే ఆ చోటు దక్కుతుంది. 1850 ప్రాంతానికి పూర్వం ఆ స్థానంలో ఎవరూ నిలిచేవారు కారు. మొదట నిలిచినవాడు ఆడమ్స్. అలా నిలవడానికి కారణం ఈ బంతి శరీరంలోనే ఉన్నది: తేలికైన, మెత్తని బంతిని మైదానం అంచు నుంచి ఒక్క విసురులో బేస్‌ల దగ్గరకు చేర్చడం కష్టం కనుక, దారిలో అందుకొని లోపలికి విసిరే మనిషి అవసరమయ్యాడు. క్రమంగా బంతులు బరువెక్కి, గట్టిపడి, దూరం విసరడానికి అనువైన కొద్దీ ఆ మధ్యవర్తి కూడా లోపలికి జరిగి, నేటి షార్ట్‌స్టాప్ స్థానానికి చేరుకొన్నాడు. బంతిని చుట్టినవాడే దాని బలహీనతను ఎరిగి ఆ లోటు పూడ్చాడన్నది గమనించదగిన విషయం.

కొలతల సంగతి ఇంతకన్న బరువైనది. 1845 నాటి నియమం ఒక బేస్‌కూ దానికి ఎదురుగా ఉన్న బేస్‌కూ మధ్య దూరం నలభై రెండు అంగలని మాత్రమే చెప్పింది. అంగను మూడడుగులుగా లెక్కిస్తే పక్కపక్క బేస్‌ల మధ్య సుమారు 89 అడుగులు, రెండున్నర అడుగులుగా లెక్కిస్తే సుమారు 74 అడుగులు వస్తాయి. అంటే మైదానం కొలిచేవాడి కాళ్ల పొడవును బట్టి ఆట మారిపోయేది. 1857లో న్యూయార్క్ ప్రాంతపు క్లబ్బులు సమావేశమైనప్పుడు అధ్యక్షత వహించినవాడు ఆడమ్స్; ఆ సమావేశంలోనే పక్కపక్క బేస్‌ల మధ్య దూరం 90 అడుగులుగా, జట్టు తొమ్మిది మందిగా, ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌గా స్థిరపడ్డాయి. అంతకు ముందు ఇరవై ఒక్క పరుగులు ముందుగా చేసినవారిదే గెలుపు. తొమ్మిది ఇన్నింగ్స్ కోసం పట్టుబట్టిన లూయిస్ వాడ్స్‌వర్త్ పాత్రను ఇక్కడ మరుగుపరచడం న్యాయం కాదు. ఆ కీర్తిలో ఆయనకూ వాటా ఉన్నది. నేలను ఒకసారి తాకి ఎగిరిన బంతిని పట్టినా ఔట్‌గా లెక్కించే నియమాన్ని తొలగించి, గాలిలోనే పట్టాలన్న నియమం తేవడానికి కూడా ఆడమ్స్ ఏళ్ల తరబడి వాదించాడు. 1862లో ఆయన క్లబ్బు విడిచిన తరువాతనే అది అమలుకు వచ్చింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆట మహనీయుల స్మారకశాల, 1938లో అలెగ్జాండర్ కార్ట్‌రైట్‌ను గౌరవించింది. ఆయన పేరిట ఉన్న ఫలకం 90 అడుగులను, తొమ్మిది ఇన్నింగ్స్‌ను, తొమ్మిది మంది జట్టును ఆయన ఖాతాలోనే వేస్తుంది. కార్ట్‌రైట్ 1849లోనే న్యూయార్క్ విడిచి పడమటికి సాగి హవాయి చేరాడు. ఆ మూడు అంకెలు తీర్మానమైన 1857లో ఆయన హోనొలులులో ఉన్నాడు. నికర్‌బాకర్ క్లబ్బు స్థాపనలో కార్ట్‌రైట్ కృషిని ఎవరూ కాదనలేరు, ఈ బంతి కూడా కాదనదు. అయితే ఆయన అక్కడ లేని కాలపు పనిని ఆయన పేరిట లోహంపై చెక్కి ఉంచడం అన్యాయమే.

ఆడమ్స్ 1899లో న్యూ హేవెన్‌లో మరణించాడు. అందుకు మూడేళ్ల ముందు ఒక క్రీడాపత్రిక కోసం బంతుల తయారీని, షార్ట్‌స్టాప్ స్థానాన్ని, 90 అడుగుల కొలతను గురించి ఆయన వివరంగా చెప్పినా, దానిని పట్టించుకొన్నవారు చాలాకాలం లేరు. అమెరికన్ బేస్‌బాల్ పరిశోధకుల సంఘం 2014లో ఆయనను పందొమ్మిదవ శతాబ్దపు విస్మృత దిగ్గజంగా ఎంచింది. 2015 డిసెంబరులో స్మారకశాల నియమించిన పదహారు మంది సభ్యుల సంఘంలో ఆయనకు పది ఓట్లు వచ్చాయి; కావలసినవి పన్నెండు. ఆ ఏడాది అభ్యర్థులలో అందరికన్న ఎక్కువ ఓట్లు ఆయనవే అయినా, నియమం ప్రకారం ఎవరూ ఎన్నిక కాలేదు. తొలినాటి ఆటగాళ్ల కోసం 2021లో జరిగిన ఎంపికలో ఆయన పేరు అభ్యర్థుల జాబితాలోనే లేదు.

ఆయన బ్యాటింగ్ లెక్కలు ఘనమైనవి కావన్న ఆక్షేపణకు ఇక్కడ చోటు లేదు. ఎందుకంటే కార్ట్‌రైట్‌ను లోపలికి తీసుకొన్నదీ లెక్కలు చూసి కాదు, ఆటకు పునాది వేసినవాడన్న హోదాలో. ఆడమ్స్ కోసం అడగవలసిందీ అదే హోదా, అదే ప్రమాణం. ఆ శాలలో ఆయన పేరుతో ఒక ఫలకం వెలసి, 90 అడుగుల కొలత, షార్ట్‌స్టాప్ స్థానం ఆయన ఖాతాకు చేరాలన్నదే ఈ బంతి కోరిక.