దేశానికి ఎంత పడింది?

విదేశీ యాత్ర చేసి వచ్చినవాళ్లను మనవాళ్లు మొదట అడిగేది ఎన్ని దేశాలు తిరిగారని. తర్వాత అడిగేది ఎంతయిందని. ఈ రెండూ తెలిశాక భాగహారం అడిగినవాళ్లే చేసేసుకుంటారు. మూడు లక్షలకు అయిదు దేశాలంటే దేశానికి అరవై వేలు పడింది, ఫర్వాలేదు, గిట్టుబాటే. అదే మూడు లక్షలకు ఒక్క ఇటలీ మాత్రమే చూసొచ్చానన్న మనిషిని జాలిగా చూస్తారు. పాపం, ఎవడో ఏజెంటు నిలువునా ముంచాడు.

ఈ భాగహారం తెలిసిన ఏజెంట్లకు ఏడ్రియాటిక్ సముద్రతీరం కంటే లాభసాటి సరుకు లేదు. వెనిస్‌లో బస్సెక్కి తూర్పు ఒడ్డు పట్టుకుని కిందికి దిగితే ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, మాంటెనెగ్రో వరసగా తగులుతాయి. దారి సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో ఎక్కి తడలో దిగినట్టు. అంత దూరం పోతే మనకు వచ్చేది ఒక్క రాష్ట్రం, అక్కడ అయిదు దేశాలు. కరపత్రం మీద ‘చారిత్రక రేవు పట్నాలు, పల్లె అందాలు’ అని కూడా ఉంటుంది. పల్లె అందాలంటే బస్సు కిటికీలోంచి కనిపించేవి. అవి కనిపించే వేళకు బస్సంతా గుర్రు పెడుతుంటుంది.

ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. 1990లో ఇదే బస్సు ఇదే దారిలో వెళ్లుంటే వచ్చేవి రెండే దేశాలు, ఇటలీ, యుగోస్లావియా. 1991లో స్లొవేనియా, క్రొయేషియా, 1992లో బోస్నియా స్వతంత్రం ప్రకటించుకున్నాయి. ఆ తర్వాతి యుద్ధంలో ఒక్క బోస్నియాలోనే దాదాపు లక్ష మంది ప్రాణాలు పోయాయి. మాంటెనెగ్రో 2006లో ఓటు వేసుకుని విడిపోయింది. విడిపోవడానికి కావాల్సింది 55 శాతం, వచ్చింది 55.5. ఆ అర శాతం రాకపోతే కరపత్రంలో ఆ గడిలో సెర్బియా పేరు కూడా కలిపి రాయాల్సి వచ్చేది.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ నష్టం. 1797లో నెపోలియన్ దెబ్బకు కూలిపోయేదాకా ఈ ఒడ్డున చాలా ఊళ్లు వెనిస్ రిపబ్లిక్ చేతిలోవే. పిరాన్, స్ప్లిట్, కోటోర్, ఎక్కడ చూసినా గోడల మీద అదే రెక్కల సింహం, అలాంటి గంటల గోపురమే, అవే రాతి సందులు. అందుకే ఇంటికొచ్చాక ఫొటోల్లో ఏ ఊరు ఏదో ఎవరికీ తేలదు. దేశాలు అయిదని మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఇలాంటి బస్సొకటి ఊహించుకోవడం కష్టం కాదు. నలభై ఆరు మంది, ఒక టూర్ మేనేజరు, ఒక జెండా కర్ర, మూడు డబ్బాల ఆవకాయ.

మొదటిరోజు వెనిస్. బస మాత్రం మెస్త్రెలో. మెస్త్రె కూడా వెనిస్ నగరపాలక సంస్థ కిందికే వస్తుంది కాబట్టి అక్కడ పడుకున్నవాళ్లకు ప్రవేశ రుసుము ఉండదు. ఉత్త పుణ్యానికి పగలొచ్చి పగలే పోయేవాళ్ల మీద 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో తలకు 5 యూరోలు వేశారు. 2025లో చివరి నిమిషంలో బుక్ చేసుకునేవాళ్లకు 10 చేశారు. ఊళ్లోకి రావడానికి టికెట్టేమిటని ముక్కున వేలేసుకునే ముందు ఒక లెక్క చూడాలి. 1950ల మొదట్లో ఆ దీవుల్లో లక్షా డెబ్బై అయిదు వేల మంది దాకా కాపురాలుండేవారు. ఇప్పుడు యాభై వేల లోపే.

2024లోనే ఇంకో నిబంధన వచ్చింది. బృందానికి 25 మంది మించకూడదు, గైడు లౌడ్‌స్పీకరు వాడకూడదు. బస్సును రెండు జట్లు చేయబోతే ఎవరి ఆడపడుచు ఎవరి జట్టులో అన్న దగ్గరే అరగంట గడిచిపోయింది. లౌడ్‌స్పీకరు నిషేధం మాత్రం మనవాళ్లకేమీ అడ్డం కాలేదు. సెయింట్ మార్క్ స్క్వేర్‌లో ఆ మూల నుంచి ఈ మూలకు “ఒదినా, ఇటు రా, ఫొటో!” అని పిలవడానికి కరెంటు అవసరం లేదు.

రెండోరోజు స్లొవేనియా. ఆ దేశానికున్న సముద్రతీరమే 47 కిలోమీటర్లు. అందులో సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన ఊరు పిరాన్. వయొలిన్ విద్వాంసుడు జుసెప్పె తర్తీని 1692లో పుట్టిందక్కడే. ఆయన పేరున్న కూడలి ఒకప్పుడు పడవలాగే లోపలి రేవు. 1894లో పూడ్చి చదును చేశారు. టూరు దీనికి కేటాయించింది గంటన్నర. అందులో నలభై నిమిషాలు మరుగుదొడ్డి క్యూకు, పది నిమిషాలు దానికి చిల్లర నాణేలు వెతుక్కోవడానికి పోయాయి. మిగిలిన సమయంలో ఉప్పు కొన్నారు.

పిరాన్ పక్కనే సెచోవ్లె ఉప్పు మడులున్నాయి. మడి అడుగున పెతోలా అనే పల్చటి జీవపు పొరను పెంచి, దానిమీద తేరిన ఉప్పును చెక్క పనిముట్లతో చేత్తో లాగుతారు. అందుకే మట్టి అంటదు, తెల్లగా మెరుస్తుంది. వందల ఏళ్ల నాటి పద్ధతి. ముచ్చటైన గుడ్డసంచిలో పావుకిలో కొనుక్కుని సూట్‌కేసులో భద్రంగా సర్దుకున్నవాళ్లలో ఒకావిడది చినగంజాం. ఆ ఊరి ఉప్పు మడుల సంగతి ప్రకాశం, బాపట్ల జిల్లాల్లో తెలియనివారుండరు. అదే అడిగితే, “ఇది ఫారిన్ ఉప్పు కదండీ” అంది.

మూడోరోజు క్రొయేషియాలోని ఇస్ట్రియా పల్లెసీమ. అక్కడి ఓక్ అడవుల్లో నేల కింద ట్రఫుల్ అనే పుట్టగొడుగు దొరుకుతుంది. 1999లో ఒకాయన, డయానా అనే ఆయన కుక్క కలిసి 1.31 కిలోల తెల్ల ట్రఫుల్ తవ్వి తీసి గిన్నిస్ పుస్తకం ఎక్కారు. దాన్ని బంగారం తురిమినంత పొదుపుగా పాస్తా మీద తురిమి వడ్డిస్తే బస్సులో సగం మంది గ్యాసు లీకవుతోందేమోనని వంటగది వైపు చూశారు. మిగతా సగం ఆవకాయ డబ్బా మూత తీశారు.

డ్రైవరుకు తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. టాకోగ్రాఫ్ మాట మాత్రం జవదాటడు. యూరప్ నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాల్సిందే, బండి నడిచిందీ ఆగిందీ అంతా యంత్రంలో రికార్డవుతుంది. “ఇంకో పావుగంట పోతే ఏదో కోట ఉందట, అక్కడ ఆపవయ్యా బాబూ” అని బతిమాలినా బస్సు హైవే పక్క పెట్రోలు బంకులోనే ఆగింది. ఈ యాత్రలో తీరుబడిగా చూసినవి పెట్రోలు బంకులే. స్ప్లిట్‌లో డయొక్లీషియన్ చక్రవర్తి 305లో సింహాసనం దిగిపోయాక ఉండటానికి కట్టించుకున్న రాజప్రాసాదం ఉంది. దాని గోడల లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. రిటైరై సొంత ప్రాంతంలో ఇల్లు కట్టుకున్న ఆ పెద్దమనిషి నివాసాన్ని మనవాళ్లు ఐస్‌క్రీమ్ కరిగేలోపు చూసేశారు.

అసలు కథ నేఉమ్‌లో మొదలైంది.

క్రొయేషియా తీరం మధ్యలో సుమారు 20 కిలోమీటర్ల ముక్క బోస్నియాది. ఎందుకలా? ఇప్పటి డుబ్రోవ్నిక్ ఒకప్పుడు రగూసా అనే చిన్న రిపబ్లిక్. దానికి వెనిస్ అంటే హడల్. 1699లో కార్లొవిట్స్ ఒప్పందం కుదిరినప్పుడు, తమకూ వెనిస్‌కూ మధ్య సరిహద్దే లేకుండా ఉండాలని రెండు వైపులా చెరో ముక్క తురుష్కులకు వదిలేసింది. ఉత్తరాన వదిలిన ముక్కే నేఉమ్. పొరుగువాడితో పడక మధ్యలో ఇంకొకరికి స్థలం రాసిచ్చిన ఆ ఏర్పాటు మూడు వందల ఏళ్ల తర్వాత ప్రతి బస్సునూ రెండుసార్లు పాస్‌పోర్టు తనిఖీకి నిలబెట్టింది. ఈ బాధ పడలేక క్రొయేషియా నేఉమ్‌ను తప్పించుకుంటూ సముద్రం మీద పెల్యెషాట్స్ వంతెన వేయించింది. పొడవు 2.4 కిలోమీటర్లు. కట్టింది చైనా కంపెనీ, 35.7 కోట్ల యూరోలు ఇచ్చింది యూరోపియన్ యూనియన్, తెరిచింది 2022 జూలై 26న.

అంటే ఇప్పుడు బోస్నియాలో అడుగు పెట్టకుండా హాయిగా డుబ్రోవ్నిక్ చేరొచ్చు. టూర్ మేనేజరు గుండె గుభేలుమంది. అడుగు పెట్టకపోతే అయిదు దేశాలు నాలుగవుతాయి! బస్సు వంతెన వైపు తిరగకుండా పాత దారినే నేఉమ్‌కు పోయింది. అంత డబ్బు పోసి తప్పించిన క్యూలో, పైసా ఖర్చు లేకుండా, వెళ్లేటప్పుడోసారి వచ్చేటప్పుడోసారి నిలబడ్డారు. మధ్యలో నేఉమ్‌లో కాఫీ తాగి, ఫ్రిజ్ అయస్కాంతాలు కొన్నారు. బోస్నియా అయిపోయింది.

ఒకాయనకు మాత్రం కుదర్లేదు. ఆయన రిటైర్డు లెక్కల మాస్టారు. యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంగెన్ వీసా అందరికీ మల్టిపుల్ ఎంట్రీది వస్తే ఆయనకు సింగిల్ ఎంట్రీ వచ్చింది. ఫీజు మాత్రం అదే 90 యూరోలు. బోస్నియా, మాంటెనెగ్రో షెంగెన్‌లో లేవు. మల్టిపుల్ ఎంట్రీ ఉన్నవాళ్లు ఆ వీసాతోనే వెళ్లి రావొచ్చు. మాస్టారు ఒకసారి గడప దాటితే మళ్లీ లోపలికి రాలేరు. చేసేది లేక ఆయన్ను ట్యాక్సీ ఎక్కించి వంతెన మీదుగా పంపారు. ఆయన కొద్ది నిమిషాల్లో అవతలికి చేరి, స్టాన్ అనే ఊళ్లో బస్సు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక 14వ శతాబ్దంలో రగూసా మొదలుపెట్టిన అయిదున్నర కిలోమీటర్ల కోటగోడ ఎక్కి, ఆ పై నుంచి కిందున్న పాత ఉప్పు మడులు చూసి, దిగి టీ తాగారు. బస్సు రాగానే అందరూ కిటికీల్లోంచి ఆయన్ను పరామర్శించారు. “పాపం మాస్టారూ, మీకు ఒక దేశం తగ్గిందే!”

డుబ్రోవ్నిక్‌లో మూడు గంటలు. 1377లో ఈ ఊరు ఒక చట్టం చేసింది. తెగులు సోకిన చోట్ల నుంచి వచ్చినవాళ్లు ముప్పై రోజులు బయట ఉండి, అప్పుడే లోపలికి రావాలి. క్వారంటైన్ చట్టాల్లో ఇదే మొదటిదంటారు. ఇప్పుడు లోపలికి రావడానికి అంత ఆలస్యం లేదు, బయటికి పోవడానికే తొందర. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ అక్కడ తీశాక రద్దీ మరీ పెరిగింది. ఒకేసారి రెండు ఓడలకు, నాలుగు వేల మంది ప్రయాణికులకు మించకూడదని 2019 నుంచి హద్దు పెట్టారు. గోడల లోపలి పాత పట్నంలో 1991లో అయిదు వేల మంది ఉండేవారు. ఇప్పుడు రెండు వేలు కూడా లేరు. 1,940 మీటర్ల కోటగోడ చుట్టి రావడానికి 2023లో టికెట్టు 35 యూరోలు. మూడు వేలు పెట్టి గోడెక్కేదేమిటని మనవాళ్లు కిందే నిలబడి ఫొటోలు దిగారు.

మర్నాడు బస్సు మాంటెనెగ్రో పోయింది. మళ్లీ సరిహద్దు, మళ్లీ క్యూ. కోటోర్ అఖాతాన్ని గైడు ‘దక్షిణ యూరప్‌లోని ఏకైక ఫ్యోర్డ్’ అని పరిచయం చేశాడు. ఫ్యోర్డును హిమానీనదం చెక్కుతుంది. ఇది సముద్రంలో మునిగిన నదీలోయ. కానీ నార్వే పోకుండానే ఫ్యోర్డు వచ్చిందంటే ఎవరు కాదంటారు? కోటోర్ కొండకోటకు 1,350 మెట్లు. మొదటి మలుపు దాకా ఎక్కి, తిరుమల మెట్లే ఎక్కాం ఇదెంత అనుకుని దిగొచ్చారు. పెరాస్ట్ దగ్గర, రాళ్లు వేసి, పాత ఓడలు ముంచి మనుషులు కట్టుకున్న చిన్న దీవి ఒకటుంది. అక్కడివాళ్లు ఇప్పటికీ ఏటా జూలై 22న పడవల్లో వెళ్లి దాని చుట్టూ రాళ్లు వేసి వస్తారు. బస్సు దాన్ని ఎడమ వైపు కిటికీలవాళ్లకు చూపించింది.

ఆ రోజంతా మాస్టారు డుబ్రోవ్నిక్‌లో ఒంటరి. పొద్దున్నే వేగపు పడవెక్కి కోర్చుల దీవికి పోయారు. అక్కడ మార్కో పోలో పుట్టిన ఇల్లంటూ ఒకటి చూపిస్తారు. పుట్టింది మావూళ్లోనేనని వెనిస్ వాళ్లంటారు. 1298లో ఆ దీవి దగ్గర వెనిస్, జెనోవా నౌకల మధ్య యుద్ధం జరిగింది, మార్కో పోలో పట్టుబడింది అందులోనేనని చెప్పుకుంటారు. జెనోవా చెరలో సాటి ఖైదీకి చెప్పి రాయించిన ఆయన పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యం ఉంది. అదే మోటుపల్లి. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి, రాజ్యమేలుతున్న రాణి గురించి అందులో రాయించాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా మునుపటి రాజులు లాగేసుకునేవారు, తాను న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టనని విదేశీ వర్తకులకు మాటిచ్చాడు.

రాత్రి భోజనాల దగ్గర మాస్టారు ఇదంతా ఉత్సాహంగా చెప్పారు. ఉప్పు కొన్న ఆవిడ మధ్యలో అందుకుంది. “మోటుపల్లా? మా పక్కూరేనండీ. అక్కడేముంది చూడ్డానికి?”

తర్వాత సంభాషణ లెక్కల మీదికి మళ్లింది. బస్సుకు అయిదు, మాస్టారికి మూడు. టూర్ మేనేజరు ఆయన భుజం తట్టి ధైర్యం చెప్పాడు. వచ్చే ఏడాది ఇవే రోజుల్లో, ఇదే ధరకు ఆరో దేశం కలుపుతున్నారు. సాన్ మారినో. ఇటలీ మధ్యలో 61 చదరపు కిలోమీటర్ల దేశం. సరిహద్దులో ఆపేవాళ్లుండరు, సింగిల్ ఎంట్రీ వీసాను అడిగేవాళ్లుండరు. పైగా పర్యాటక కార్యాలయంలో 5 యూరోలిస్తే పాస్‌పోర్టు మీద అందమైన ముద్ర కూడా వేస్తారు. మాస్టారు తల పంకించేలోపే అడ్వాన్సు రసీదు మీద ఆయన పేరు రాసేశారు.