నలభై అయిదు డిగ్రీల స్వావలంబన

ఫోటోకూ దాని మీది అద్దానికీ నడుమ, మధ్యలో ఖాళీ వచ్చేటట్లు కోసి బిగించే మందపాటి అట్టను పటాలు కట్టేవారు మౌంటు అంటారు. చూపును బొమ్మ మీదికి మళ్ళించడం, కాగితం అద్దానికి తగలకుండా ఆపడం దాని పనులు. ఈ అట్టను కొట్టులో కోయించుకోవడం దుబారా అనీ, చేతులున్న ప్రతి గృహస్థుడూ ఇంట్లోనే కోసుకోగలడనీ, కోసుకుని తీరాలనీ బోధించే దర్శనం ఒకటి మధ్యతరగతి ఇళ్ళలో వ్యాపిస్తున్నది. షడ్దర్శనాల సరసన దీనికి ఇంకా పీట వేయలేదు గానీ, అనుయాయుల నిష్ఠకు లోటు లేదు కనుక, పూర్వపక్షాన్ని న్యాయంగా వినిపించిన తరువాతే విచారణకు దిగడం మర్యాద.

అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురం ఈ దర్శనానికి అనువైన క్షేత్రం. పక్షులు వాలే మంచినీటి సరస్సు కొండకర్ల ఆవ ఒక వైపు, పూడిమడక సముద్రతీరం మరొక వైపు ఉండగా, నడుమనున్న ప్రత్యేక ఆర్థిక మండలిలో నెలజీతపు ఇంజనీర్లు ఉన్నారు. కెమెరా, సెలవురోజు, కొలతల మీద అచంచల విశ్వాసం ఒకే మనిషిలో కలిసినప్పుడు ఆవలోని కొంగ 12×18 అంగుళాల ప్రింటు కావడమూ, దాని మౌంటును స్వహస్తాలతో కోయాలన్న సంకల్పం కలగడమూ అనివార్యం. లెక్క నిజంగానే సులువు. 16×22 అంగుళాల అట్టలో 11.5×17.5 అంగుళాల ఖాళీ కోస్తే, ప్రింటు అంచు నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున అట్ట కిందికి పోతుంది, చుట్టూ 2.25 అంగుళాల పట్టీ మిగులుతుంది. ఇంతవరకు అయిదో తరగతి పిల్లవాడికి కూడా అభ్యంతరం ఉండదు, అభ్యంతరమంతా బ్లేడుకే.

అట్టను నిలువుగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి. ఆ వాలును బెవెల్ అంటారు; అట్ట లోపలి తెల్లని పొర దాని వల్లనే బొమ్మ చుట్టూ సన్నని గీతగా కనబడుతుంది. కోత అట్టను బోర్లించి వెనుక నుంచి సాగుతుంది కనుక లోపలిదేదో వెలుపలిదేదో తికమక పడడం తేలిక, బ్లేడు వాలు ఒక్కసారి తారుమారైతే చాలు, ఆ సొగసైన తెల్లని అంచు కాస్తా కోసి పక్కన పెట్టవలసిన నడిమి ముక్కకు దక్కి, మౌంటు బోడిగా మిగులుతుంది. మూల దాకా రాకుండా బ్లేడు ఆపితే ముక్క ఊడిరాదు, లాగితే చిరుగుతుంది. మూల దాటించి ఆపితే గాటు పడుతుంది. ఈ గాటును చేతిపనికి సహజమైన ముద్రగా వర్ణించే అలంకారశాస్త్రం ఈ సంప్రదాయంలో సిద్ధంగా ఉంది. అదే గాటు కొట్టువాడు పెడితే మాత్రం మళ్ళీ కోసి ఇచ్చేదాకా పైసా రాలదు.

ఇక ఆదా సంగతి. కోత పరికరం, ఇనుప స్కేలు, కింద పరచే పలక, మొద్దుబారగానే మార్చవలసిన బ్లేడ్లు సమకూర్చుకున్న తరువాత 32×40 అంగుళాల షీటు కొంటే అందులో ఈ కొలతకు మూడు మౌంట్లే వస్తాయి. వాటిలో రెండు అభ్యాసానికి ఆహుతి అవుతాయి. పెట్టుబడి తిరిగి రావాలంటే ఇల్లంతా పటాలతో నిండాలి, గోడలు చాలకపోతే పై అంతస్తు లేపాలి. అదే అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమ వంటి చోట, పొరలు పొరలుగా పరచిన గుడ్డ మీద ఒక్క తప్పు కోత పడితే పొరలన్నీ చెడతాయి కనుక, కుట్టు వచ్చిన ప్రతివారికీ కత్తి అప్పగించరు. వారమంతా ఇలాంటి శ్రమ విభజన నీడలో బతికేవారు సెలవునాడు మాత్రం నైపుణ్యం కూడా పరికరంతో పాటు పెట్టెలోనే వస్తుందని నమ్మడం భక్తిలో ఉన్నత దశ.

అసలు విషయం కోణంలో లేదు, గాలిలో ఉంది. సముద్రపు తేమ తగిలే ఊళ్ళలో అద్దానికి ఆనించి బిగించిన ప్రింటు కాలక్రమంలో దానికే అంటుకుపోతుంది. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం దేవతల బొమ్మలను సామాన్యుల ఇళ్ళకు చేర్చిన నాటి నుంచి ఇలా అద్దానికి ఆనించి కట్టిన పటాలు ఎన్నో; వాటిని విప్పితే లక్ష్మీదేవి కొంత కాగితం మీద, కొంత అద్దం మీద దర్శనమిస్తుంది. మౌంటు ఉన్నది ఇందుకు. దాని అట్ట కూడా ఆమ్లం లేనిదై ఉండాలి. చౌక అట్టలోని కలపగుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉండి, అట్టను పసుపు పట్టించి, బొమ్మ అంచున గోధుమరంగు చార మిగులుస్తుంది. సాధకుడు మూడు రాత్రులు జాగరణ చేసి సాధించిన బెవెల్ మీదనే ఆ రంగు మొదట తేలుతుంది, ఎందుకంటే అట్ట కడుపు బయటపడేది అక్కడే. ప్రింటును పై అంచున రెండు పలుచని కాగితపు పట్టీలతో, గోధుమ గంజి జిగురుతో వేలాడదీస్తే తేమకు సాగడానికి చోటుంటుంది. కోణమాపకం మీద అంత శ్రద్ధ చూపినవారు నాలుగు వైపులా సెలోటేపు బిగిస్తారు, మొదటి వర్షాకాలానికే కొంగ పొట్ట ఉబ్బుతుంది.

ప్రదర్శన కోసం ఒకే కొలతలో పటాలు వరసగా కోసేవారి చేయి తిరుగుతుంది, వారి విషయం వేరు. వారు దీన్ని ఆదా అనరు, పని అంటారు.

దర్శనం చివరి వాదం మిగిలిపోయిన నడిమి ముక్కల గురించి: ఏదీ వృథా పోదట. 11.5×17.5 ముక్క 8×10 ఫోటోకు మౌంటు అవుతుంది, దాని నడిమి ముక్క 4×6 ఫోటోకు, దాని నడిమి ముక్క గృహస్థుడి పాస్‌పోర్టు ఫోటోకు. అంత చిన్న మౌంటుకు సరిపడే ఫ్రేము బజారులో దొరకదు కనుక, చెక్కను 45 డిగ్రీల కోణంలో కోసే రంపానికి అప్పటికే ఆర్డరు వెళ్ళి ఉంటుంది.