కడల్‌పసువుతో ఈత: మదురై కుటుంబాలకు పక్కా సలహాలు

ముందు గుంపు కట్టండి. ఒక్కరో ఇద్దరో పోతే సముద్రం మనల్ని ఖాతరు చేయదు. అత్తలు, బావలు, పిల్లలు, పక్కింటివాళ్ళు... వ్యాను నిండాలి. తిరుమల నాయకుడు 1645లో వండియూరు తెప్పకుళం తవ్వించిన నాటి నుంచీ మనకు నీళ్ళు కొత్తా? ఈత రాకపోయినా ఆ ధీమా చాలు.

కారైక్కుడి మీదుగా మణమేల్కుడి దారి పట్టండి. తంజావూరు, పుదుక్కోట్టై తీరాల ఎదుట పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల మేర కడల్‌పసువుల (డ్యూగాంగ్ అనే సముద్రపు ఆవుల) కోసమే 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం కేటాయించింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. అంత చోటిచ్చాక కూడా జంతువు కనబడకపోతే అది సర్కారు తప్పేనని ఒడ్డున దిగీ దిగగానే గొడవ మొదలెట్టండి.

ఫ్లోరిడాలో ఉన్న మీ బావమరిది మాట మాత్రం వినొద్దు. అక్కడ క్రిస్టల్ రివర్ అనే ఊళ్ళో చలికాలం మానటీలు గోరువెచ్చని ఊటల దగ్గర చేరతాయి. మన కడల్‌పసువుకు దాయాదులే. దీని తోక తిమింగలం తోకలా చీలి ఉంటుంది, వాటిది గుండ్రంగా విసనకర్రలా ఉంటుంది. జనం స్నార్కెల్ గొట్టం నోట కరుచుకుని నీళ్ళలోకి దిగుతారు. దిగి ఏం చేస్తారు? బోర్లా తేలుతూ కదలకుండా ఉంటారట! తరమకూడదు, ముట్టుకోకూడదు, నిద్రపోతుంటే లేపకూడదు, అదే దగ్గరికి వస్తే చూడాలి, రాకపోతే లేదు. డబ్బు కట్టి మరీ ఊరికే తేలడానికి మనకేం పట్టింది?

మన పద్ధతి వేరు. నీళ్ళు మసకగా ఉంటాయి, జంతువుకు బెరుకెక్కువ, కాబట్టి ఇంజను బోటు కావాలి. కిటుకు చెబుతా వినండి. దానికి మొప్పలు లేవు, మనలాగే ఊపిరి పీల్చాలి. కొన్ని నిమిషాలకోసారి మూతి పైకి వస్తుంది. రెండు ముక్కుపుటాలూ మూత తీసినట్టు తెరుచుకుంటాయి, ఒక్క శ్వాస, మళ్ళీ మూత. సరిగ్గా ఆ క్షణాన బోటు దాని మీదికి తోలండి. బెదిరి సగం ఊపిరితోనే మునిగిందా, ఇంకా మంచిది. తొందరగా పైకి రాక ఏం చేస్తుంది?

తర్వాత లంగరు. దాన్ని గడ్డి దట్టంగా ఉన్నచోటే వేయండి, బోటు కదలదు. కాళ్ళకు ప్లాస్టిక్ రెక్కలు తొడుక్కుని ఆ గడ్డి మీదే నిలబడి ఫోటోలు దిగండి. పెద్ద జంతువు రోజుకు ముప్ఫై నలభై కిలోల సముద్రపు గడ్డి మేస్తుంది. మనం కొంత పీకేస్తే దానికి మేసే శ్రమ తగ్గదూ? బదులుగా అగత్తికీర కట్టలు తీసుకెళ్ళండి. అమావాస్యనాడు గుడి ముందు ఆవులకు పెడుతున్నాం కదా, దీనికీ పెడితే పుణ్యమే.

పిల్ల కనబడితే వదలకండి. తల్లి ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లనే కంటుంది. మళ్ళీ కనాలంటే మూడేళ్ళు, ఒక్కోసారి ఏడేళ్ళూ పడుతుంది. ఏడాదిన్నర దాకా పాలిస్తుంది గనక పిల్ల పక్కనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇద్దరి మధ్యలోకి దూరితే తల్లి వదిలి పోలేదు, ఫోటో కదలకుండా వస్తుంది.

చట్టం సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఇది ఉంది. వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. మనం వేటాడామా ఏమిటి? తరమడాన్నీ ఎర వేయడాన్నీ కూడా చట్టం వేటగానే లెక్క కట్టింది, నిజమే. ఆ మాట వ్యానులో ఎత్తకండి, పెద్దవాళ్ళు కంగారు పడతారు.

ఇక బోటువాణ్ణి చూసి ఎంచుకోండి. వలలో పడ్డ కడల్‌పసువును వల కోసి వదిలేసిన జాలర్లు ఆ తీరంలో ఉన్నారు; అటవీ శాఖ పిలిచి బహుమతి డబ్బులు కూడా ఇచ్చింది. అలాంటివాడు దొరికితే మీ పని అయిపోయినట్టే. ఇంజను ఆపేస్తాడు. గడ్డిలో అది మేసుకుంటూ పోయిన ఇసుక చార చూపిస్తాడు. దూరంగా చప్పుడు చేయకుండా కూర్చుంటే రావచ్చు, రాకపోవచ్చు అంటాడు. అతనితో వాదన పెట్టుకోకండి, పక్క బోటు బేరమాడండి.