వీపు మీద 15 అంకె

నేనొక స్టాటిక్ ర్యామ్ చిప్పుని. 32 కిలోబైట్ల మెమరీ, 28 కాళ్లు, 5 వోల్టుల సరఫరా, వీపు మీద నంబరు పక్కనే 15 అంకె. అడ్రసు అందిన 15 నానోసెకన్లలోపు డేటా బయటపెడతానని ఆ అంకె హామీ. 1990ల నడుమ 486 మదర్‌బోర్డు మీద నాలాంటివి ఎనిమిది కూర్చుంటే 256 కిలోబైట్ల క్యాష్ అయ్యేది. మామూలు డీర్యామ్ 60, 70 నానోసెకన్లు తీసుకునే ఆ రోజుల్లో ప్రాసెసరు ఎదురుచూపు తగ్గించింది మేమే. మమ్మల్ని తప్పించింది మాకంటే మేలైన చిప్పేమీ కాదు. 1995లో పెంటియం ప్రో క్యాష్‌ని తన ప్యాకేజీలోకి తీసుకుంది. 1998, 1999 నాటి సెలెరాన్, పెంటియం త్రీ దాన్ని ప్రాసెసరున్న సిలికాన్ ముక్క మీదికే తెచ్చేశాయి. దాంతో మమ్మల్ని లక్షల్లో కొనేవాళ్లు పోయారు. కొలత పరికరాల్లో, ఫ్యాక్టరీ యంత్రాల కంట్రోలర్లలో మాత్రం మా అవసరం మిగిలింది. ఆ యంత్రాలు ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతాయి. మా తయారీ అంతకాలం సాగదు.

తయారీ ఆగిందనగానే చాలామంది నా నంబరు పట్టుకుని స్టాకు వెతుకుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది ఆ బోర్డుకి నేను చేస్తున్న పనేమిటన్నది. 33 మెగాహెర్ట్జ్ బోర్డులో ఒక క్లాక్ సైకిల్ 30 నానోసెకన్లు. అడ్రసు బఫర్లు దాటడానికి 5, డేటా కాస్త ముందుగా సిద్ధంగా ఉండడానికి మరో 5 పోతాయనుకుంటే నాకు మిగిలేది 20. ఈ లెక్క వేయకుండా, కాళ్ల వరస కలిసిందని 70 నానోసెకన్ల 62256 రకం మెమరీ చిప్పు పెడితే బోర్డు నడవదు. తప్పు వెంటనే బయటపడుతుంది. అసలు ప్రమాదం 25 నానోసెకన్ల చిప్పుతో. డేటాషీటులోని అంకె అత్యధిక ఉష్ణోగ్రతకీ, అతి తక్కువ వోల్టేజీకీ ఇచ్చిన హామీ. అందుకే ఆ చిప్పు చల్లని గదిలో బల్ల మీద చక్కగా నడిచి, మూసిన పెట్టెలో వేడెక్కాక తప్పులు మొదలుపెడుతుంది.

మరీ వేగమైనది పెడితే నష్టమేమిటని అడగొచ్చు. చాలా బోర్డుల్లో నష్టం లేదు. కానీ కొత్త చిప్పుల సిగ్నళ్లు నిటారుగా లేస్తాయి. రెండు పొరల పాత బోర్డు మీద పొడవాటి దారుల్లో అవి ప్రతిధ్వనిస్తాయి, గ్రౌండును కదిలిస్తాయి. రైట్ సిగ్నల్‌లో నేను పట్టించుకోని క్షణికమైన కుదుపుని కొత్త చిప్పు నిజమైన ఆజ్ఞగా తీసుకుని ఉన్న డేటాను చెరిపేయగలదు. సరఫరా కాలి పక్కనే కెపాసిటరు, సిగ్నల్ దారిలో చిన్న రెసిస్టరు పెట్టి, ఆసిలోస్కోపుతో చూస్తేగాని నమ్మకూడదు.

అదే నంబరున్న చిప్పే అన్నిటికన్నా సురక్షితం కదా, మళ్లీ సర్టిఫికేషను బాధ కూడా తప్పుతుంది కదా అన్నది గట్టి అభ్యంతరమే. రాచెస్టర్ ఎలక్ట్రానిక్స్ వంటి అధీకృత సంస్థల దగ్గర దొరికితే, ముఖ్యంగా విమానాలకీ వైద్య పరికరాలకీ, అదే తీసుకోవాలి. బహిరంగ మార్కెట్లో మాత్రం నంబరు సాక్ష్యం కాదు. చెత్తలోంచి ఊడదీసిన చిప్పు వీపు గీకి, 25ని 15గా ముద్రించి అమ్ముతారు. అమెరికా సెనేట్ సాయుధ సేవల కమిటీ 2012 నివేదిక రక్షణ సరఫరాలో సుమారు 1,800 నకిలీ కేసులు, పది లక్షలకు పైగా అనుమానిత భాగాలు లెక్కతేల్చింది. నెమ్మదిగా రాసి చదివే పరీక్షలో ఈ మోసం దొరకదు, ఎందుకంటే అబద్ధం ఉన్నది వేగంలో.

అధీకృత స్టాకు లేనప్పుడు నా పనిని కొత్త చిప్పుకి అప్పగించడమే మేలు. ఐఎస్ఎస్ఐ, అలయన్స్ మెమరీ వంటి సంస్థలు 5 వోల్టుల వేగవంతమైన రకాల్ని నా కాలం తర్వాత కూడా అమ్మాయి. ఆకారం మారితే చిన్న అడాప్టరు బోర్డు చాలు. నా జాతికి ఇక్కడొక గొప్ప వెసులుబాటు ఉంది: నాలో అడ్రసు కాళ్ల వరస మారినా ఫరవాలేదు. ఏ గదిలో రాస్తే ఆ గదిలోంచే చదువుతారు కాబట్టి బయటివాళ్లకి తేడా తెలియదు. ఇంకా పెద్ద మెమరీ తీసుకుని మిగిలిన అడ్రసు కాళ్లను గ్రౌండుకి కలిపేయొచ్చు. 3.3 వోల్టుల చిప్పయితే దాని అవుట్‌పుట్ పాత 5 వోల్టుల టీటీఎల్ లాజిక్ ఇన్‌పుట్‌కి చాలుతుంది, అక్కడ 2 వోల్టులుంటే ఒకటిగా చదువుకుంటుంది. ఎదురుదిశలో వచ్చే 5 వోల్టులే దాన్ని చంపుతాయి. మధ్యలో బఫరు పెడితే ఆ ఆలస్యం నాకిచ్చిన 20లోంచే పోవాలి. 10 నానోసెకన్ల చిప్పుకి రెండు వైపులా 4 చొప్పున కలిస్తే 18, ఇముడుతుంది. కోరిన సర్క్యూటుగా మలచుకోగల ఎఫ్‌పీజీఏ చిప్పులో నన్ను సృష్టిస్తామనేవాళ్లు గమనించాల్సింది, దాని లోపలి మెమరీ బ్లాకులకి క్లాక్ కావాలి. నాకు క్లాక్ లేదు, అడ్రసు మారగానే పలుకుతాను.

ఈ లెక్కంతా సర్క్యూట్ పటం గీసిననాడే డిజైనరుకి తెలుసు. నా నంబరు పక్కన ఆ 20 కూడా, ఎలా వచ్చిందో సహా, రాసిపెట్టాలి. తయారీ ఆపేస్తున్నామంటూ చివరి కొనుగోలు గడువు తేదీతో ఉత్తరం వచ్చేసరికి ఆ డిజైనరు ఇంకా అదే కుర్చీలో ఉంటారన్న భరోసా ఎవరికీ లేదు.