బడి గంట వింటేనే లేచే వైరస్

2022లో సంక్రాంతి సెలవులు ఆదివారంతో అయిపోతాయని మా కోరుట్లలో తల్లులు పిల్లల బడిసంచులు ఉతికి దండెం మీద ఆరేశారు. అవి ఆరకముందే కబురొచ్చింది, కరోనా ఉంది కాబట్టి జనవరి 30 దాకా బళ్లు తెరిచేది లేదని. సంచులు మళ్లీ అటకెక్కాయి. పిల్లల వీపు మీద బరువు తగ్గించమని 1993లో యశ్‌పాల్ కమిటీ చెప్పింది. ముప్పై ఏళ్లు నిండకముందే పూర్తిగా అమలైన సిఫార్సు ఈ దేశంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

ఈ వైరస్ మనం అనుకున్నంత మొరటుది కాదు. దానికి గడియారం చూడటం వచ్చు. 2021 డిసెంబర్ 31 రాత్రి వైన్సులు 12 దాకా, బార్లు ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని సర్కారు సెలవిస్తే, అదీ సరేనని ఒంటిగంట దాకా గుమ్మం బయటే నిలబడింది. దానికి పార్టీలు కూడా తెలుసు. జనవరి 2న కరీంనగర్‌లో బీజేపీ నేత బండి సంజయ్ జాగరణ దీక్షకు కూర్చుంటే కొవిడ్ నిబంధనలు గుర్తొచ్చి అరెస్టు చేశారు. మర్నాటి నుంచి వారం రోజులు ఊరూరా అధికార పార్టీ రైతుబంధు సంబరాలు, ముగ్గుల పోటీలు, ఎడ్లబండ్ల ఊరేగింపులు జరిగితే ఆ వైరసే అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. సినిమాలంటే దానికి ప్రాణం. ‘బంగార్రాజు’ ఆడుతున్న హాల్లో విశ్రాంతి వేళ సమోసా కూడా ముట్టకుండా బుద్ధిగా చూసి పోయింది. పొలిమేరలు తెలుసు. ఆంధ్రాలో 17న బళ్లు తెరిచారు, మహారాష్ట్ర 24 నుంచి తెరుచుకోమన్నది, నడుమ ఉన్నది మన తెలంగాణ. ఇన్ని మర్యాదలు తెలిసిన జీవి ఒక్క బడి గంట వింటే మాత్రం పూనకం వచ్చినట్టు లేస్తుందట.

ఆ రోజుల్లోనే వేములవాడ పోయాను. మేడారం జాతర సాలు కదా. సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయేముందు రాజన్నను చూసి పోవాలన్నది మన తాతల నాటి పద్ధతి. ఇసుక వేస్తే రాలని జనం. కోడె మొక్కు లైనులో నా ముందు ఒకాయన, ఆయన చేతిలో కోడె, కోడె వెనక ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి బడి చొక్కానే తొడిగారు, జేబు మీద బడి గుర్తు కూడా ఉంది. “బడి లేకపాయె, ఇంట్ల ఆగుతలేరు, తోల్కచ్చిన” అన్నాడు. పిల్లలను కరోనా నుంచి కాపాడటానికి బడి మూశారు. కాపాడిన పిల్లలు ఇదిగో, వేల మంది నడుమ నాన్న చొక్కా పట్టుకుని నిలబడ్డారు. నాకు భక్తి మీద కోపం లేదు. నేనూ కోడెను కట్టే వచ్చాను. కానీ కోడెకు దొరికిన దారి పిల్లవాడికి ఎందుకు దొరకదో గుడి చుట్టూ తిరుగుతున్నంతసేపూ అదే ఆలోచన. కోడెకు మాస్కు కూడా లేదు.

సరే, బడి లేకపోతే ఏం, ఆన్‌లైన్ ఉంది కదా అంటారు. జనవరి 24 నుంచి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు మళ్లీ మొదలుపెట్టారు కూడా. ఈ మాట మీద నేను కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను. కోపగించకండి, నా ఫోను రోజూ రెండు గంటలు మా తమ్ముడి బిడ్డ చేతిలో ఉండేది. ఆ బాధ నాకే తెలుసు.

మొదటిసారి ఈ ముచ్చట 2020 సెప్టెంబర్ 1న మొదలైంది, గుర్తుందా? టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. తెర మీద సారు చక్కగా చెప్పేవారు, నేను కాదనను. చివర్న “అర్థమైందా పిల్లలూ?” అని అడిగి, మూడు లెక్కపెట్టేంతసేపు ఆగి, “అర్థమైంది కదా, ముందుకు పోదాం” అనేవారు. మా ఇంట్లో పిల్ల మొదటి రోజు “కాలే సార్” అని టీవీకి జవాబు చెప్పింది. సారు ముందుకు పోయారు. రెండో రోజు చెయ్యెత్తింది. సారు ముందుకు పోయారు. మూడో రోజు నుంచి పిల్ల చెయ్యెత్తడం మానేసింది. సారు మాత్రం ఇప్పటికీ ముందుకే పోతున్నారు.

టీవీ లేని పిల్లలను ఏం చేయాలన్నదానికి ఒక ఉపాయం కనిపెట్టారు. టీవీ ఉన్న ఇరుగుపొరుగు ఇంటికి జత చేయమన్నారు. అదీ కుదరకపోతే పంచాయతీ ఆఫీసు టీవీ ముందు కూర్చోబెట్టమన్నారు. ఒకసారి నింపాదిగా ఆలోచించండి. నాలుగు కిటికీలు, రెండు తలుపులు, ముందు ఇంత మైదానం ఉన్న బడి గదిలో పది మంది పిల్లలు దూరం దూరంగా కూర్చుంటే రోగం. ఆ పది మందే ఒకరింటి ముందుగదిలో, అవ్వ మంచం కింద కాళ్లు చాపుకుని, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తే చదువు. ఆ అవ్వకు దగ్గు.

అంతటితో ఆగితే మనం మనమెట్లా అవుతాం? పిల్లలు చూస్తున్నారో లేదో ఎవరు చూడాలి? సార్లు చూడాలి. ముప్పై మంది పిల్లలు ఒక సారు దగ్గరికి పోతే ప్రమాదం కాబట్టి, ఒక సారును ముప్పై ఇండ్లకు తిప్పారు. గుమ్మం గుమ్మానికీ పోయి, “టీవీ పెట్టిన్రా అమ్మా? పాఠం ఇన్నవా బిడ్డా?” అని అడిగి, టీవీలో చూసినవారు ఇంతమంది, ఫోనులో చూసినవారు ఇంతమంది, ఏదీ లేనివారు ఇంతమంది అని సాయంత్రానికి లెక్క పంపాలి. తొమ్మిదో నంబరు ఇంట్లో ఉన్న రోగాన్ని పదో నంబరు ఇంటికి మోసేందుకు ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు వైరస్ తనంతట తాను చేసుకోగలిగేదా? చదువు చెప్పేందుకు పనికిరాని మనిషి, చదువు చెబుతున్న టీవీని లెక్కపెట్టేందుకు పనికొచ్చాడు.

ఆ లెక్కలు ఎక్కడ పెట్టారో గానీ, మా వాడలో లెక్క నేను చెబుతాను. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల దిక్కు ఏ వాడకు పోయినా ఇంటి మగాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఇంటామె ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేస్తుంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆయనతో మాట్లాడేందుకు కొన్నది. ఆయన డ్యూటీ దిగే వేళ, పిల్లల క్లాసు వేళ ఒకటే అయితే ఏం చేయాలి? నాన్న మొహమా, భిన్నాల గుణకారమా? సిరిసిల్లలో బీవై నగర్ పోయి చూడండి. పగలంతా మరమగ్గాల సాంచల సప్పుడు. పక్కన కూర్చున్న మనిషి మాటే వినపడదు, ఫోనులో సారు మాట వింటాడా పోరడు? అది మామూలు ఊరు కూడా కాదు, అప్పటి రాష్ట్ర ఐటీ మంత్రిగారి సొంత నియోజకవర్గం. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ వాళ్లు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేద పిల్లలను అడిగి చూస్తే, పల్లెల్లో ఆన్‌లైన్ చదువు క్రమం తప్పకుండా సాగింది నూటికి ఎనిమిది మందికి. ఆ ఎనిమిది మందిలో మా పిల్ల ఉంది, నా ఫోను పుణ్యాన.

మా ఎదురింటి బీడీల అక్క మాట ఒకటి నా చెవిలో గింగురుమంటూనే ఉంది. “ఫోన్ల సదువు మా పొల్లకు ఎక్కుతలేదన్నా. నిరుడు బీడీ ముడేసుడు మాత్రం మంచిగ నేర్చుకున్నది.” ఆమె మెచ్చుకోలుగానే అన్నది. నేను తలొంచుకుని ఇంట్లోకి వచ్చాను.

ఇక్కడ దాకా నవ్వుతూనే రాశాను. ఇక నాతో కాదు.

2020 మార్చి 16న మూసిన ఒకటి నుంచి ఐదు తరగతులను మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబర్ 1న. ఏడాదిన్నర. ఒకటో తరగతి గుమ్మం తొక్కని పిల్లలు రెండో తరగతిలో కూర్చుని అ, ఆల కాడ తడబడుతుంటే నాలుగు నెలలకే మళ్లీ తాళం వేశారు. 2021లో పరీక్షలు లేకుండానే పదో తరగతి 5.21 లక్షల మందినీ పాస్ చేశారు. అందులో రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ. అంతమంది మేధావులను ఏ దేశమూ ఒక్క ఏడాదిలో కని ఉండదు. దానికి ముందటి ఏడు అట్లాగే పాసై, ఏడాదంతా తెర మీద చదువు చదివిన పిల్లలకు 2021 అక్టోబర్‌లో ఇంటర్ మొదటి ఏడు పరీక్షలు పెట్టారు. 4.59 లక్షల మంది రాశారు. డిసెంబర్ 16న ఫలితాలొచ్చాయి. 49 శాతం పాస్. సగానికి పైగా ఫెయిల్. అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. వారం తిరగ్గానే అందరికీ 35 మార్కులు వేసి పాస్ అన్నారు. పోయిన పిల్లల మార్కుల కాగితం ఏ ఇంటికి పంపారు?

ఆన్‌లైన్ చదువు అందిందా లేదా అన్నదానికి ఇంకే సర్వే కావాలి? ఆ 49 ఉంది కదా. ఆ అంకె వచ్చిన నెల రోజులకే మళ్లీ అదే మందు రాసిచ్చారు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా ఒక గోలీ పనిచేయకపోతే రెండోసారి రంగైనా మార్చి ఇస్తాడు.

ఒమిక్రాన్ రకం కరోనా ఉత్తుత్తిదని నేననడం లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ వీధిలోంచి లేచిన పాడెలు చూసినవాణ్ని. అప్పుడు మూశారు, మూయాల్సిందే. కానీ ఆ తర్వాత చాలినంత గడువు దొరికింది కదా, ఏం చేశారు? బళ్లు ఊడ్చే పనివాళ్లను తీసేసి, ఊడ్చే పని గ్రామ పంచాయతీకి అప్పజెప్పారు. పంచాయతీ మనిషికి మోరీలు, చెత్తబండి, చెట్లకు నీళ్లు అన్నీ అయ్యాక పొద్దుంటే బడి. పిల్లలు చేతులు కడుక్కోవాలని గోడ మీద బొమ్మ వేయించారు. బొమ్మ కింద నల్లా లేదు. సబ్బు సంగతి మీరే ఊహించుకోండి. బడిలో రోగం అంటుకుంటుందని భయపడేవాళ్లు ముందు బడిలో మరుగుదొడ్డి కడిగే మనిషిని పెట్టాలి. ఆ మనిషి జీతానికి పైసలు లేవు, తాళం కప్పకు మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

పైసలు లేవని ఎవరన్నారు అంటారా? నిజమే, నాదే పొరపాటు. సెలవులు పొడిగించింది జనవరి 16న. మర్నాడే, 17న, మంత్రివర్గం కూర్చుని ‘మన ఊరు-మన బడి’కి రూ.7,289 కోట్లు ప్రకటించింది. 26,065 బళ్లు, 12 రకాల పనులు. నీళ్లున్న మరుగుదొడ్లు, మంచినీళ్లు, రంగులు, ప్రహరీ గోడలు. మూసిన బడికి ప్రహరీ గోడ ఎంతైనా అవసరం, పిల్లలు పొరపాటున లోపలికి దూరకుండా. గంభీరావుపేటలో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ఆవరణలో చదివించేందుకు కళ్లు చెదిరే భవనాలు లేపారు. భవనం చూపించి మురిసిపోవడం మనకు ఇష్టం. పిల్లలు వస్తే గోడలు మాసిపోతాయి.

15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు టీకాలు మొదలైంది జనవరి 3న. ఆ ఈడు పిల్లలంతా ఒకచోట దొరికే జాగా ఏదో ఒకటి ఉండేది, పేరు నోటి దాకా వస్తున్నది. 8 నుంచి దానికి తాళం.

బార్లు, హోటళ్లు, మాల్‌లు తెరిచి బళ్లు మూయడం అర్థం లేని పని అని ప్రపంచ బ్యాంకు విద్యా విభాగం అధిపతి జైమే సావేద్రా ఆ జనవరిలోనే అన్నాడు. పాపం, అంత దూరం చదువుకున్నాడు గానీ బారు ఖజానాకు ఇచ్చేది, బడి ఖజానా నుంచి తీసుకునేది అన్న ఒకటో తరగతి లెక్క ఆయనకు రాలేదు.

  

జనవరి 24న, సోమవారం, మా పిల్ల నా ఫోనులో క్లాసుకు కూర్చుంటే నేనూ వెనక కూర్చున్నా. వాళ్ల తరగతిలో 41 మంది. తెర మీదికి వచ్చింది 11 మంది. సారు హాజరు పిలుస్తున్నారు. ఒక పోరడి డబ్బాలో మొహం సగమే కనిపిస్తున్నది, వెనకంతా జనం, గంటల మోత, ఎవరో “కోడెకు టికెట్ ఎక్కడిస్తున్రు?” అని అరుస్తున్నారు.

“ప్రెజెంట్ సార్” అన్నాడు వాడు, మాస్కు గదవ కిందికి లాగి.

“ఏడున్నవురా?” అన్నారు సారు.

“రాజన్న గుడి కాడ సార్. లైన్ల ఉన్నం.”

సారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత హాజరు వేసుకుని, “సరే, పాఠం ఇను. క్లాసు అయినంక బయట తిరగకు, ఇంట్లనే ఉండు. కరోనా మస్తుగున్నది” అన్నారు.